లెక్కల పుస్తకాలు మార్చిన మహా గణితవేత్త: ఆంద్రేయ్ కోల్మొగోరోవ్



లెక్కల పుస్తకం మారిన ప్రతిసారీ పేరెంట్స్ మీటింగ్‌లో మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తాము చదువుకున్న రోజుల్లో లెక్కలు ఇలా లేవని, ఇప్పుడు ఇంట్లో పిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం లేదని చాలామంది అంటారు. సరిగ్గా ఇదే బాధ యాభై ఏళ్ల కిందట సోవియట్ యూనియన్‌లో కోట్లాది కుటుంబాలు పడ్డాయి. అక్కడ ఆ మార్పుకు ముందు నిలిచిన వ్యక్తి 20వ శతాబ్దపు అతి గొప్ప గణితవేత్తల్లో ఒకరు. పిల్లలంటే ప్రాణం పెట్టిన మనిషి. అయినా ఆయన తెచ్చిన పుస్తకాల్లో కొన్నింటిని సుమారు పదేళ్లకే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే, ఈరోజు మన పిల్లల పుస్తకాల్లో వస్తున్న మార్పులను చూసే చూపు కొంత మారుతుంది.

పెద్దమ్మ ఇంట్లో బడి

ఆంద్రేయ్ నికొలాయెవిచ్ కోల్మొగోరోవ్ 1903 ఏప్రిల్ 25న రష్యాలోని తాంబోవ్ పట్టణంలో పుట్టారు. కాన్పులోనే తల్లి చనిపోయారు. తల్లి అక్క వేరా ఆ పసిబిడ్డను తీసుకెళ్లి, యారొస్లావ్‌ల్ నగరం దగ్గర తునోష్న అనే ఊళ్లో, తాతగారి ఇంట్లో పెంచారు. ఆయన ఇంటిపేరు కూడా తల్లి వైపుదే.

ఆ ఇంట్లో పెద్దమ్మలు చుట్టుపక్కల పిల్లలకు చిన్న బడి నడిపేవారు. పిల్లల రాతలతో ఇంట్లోనే ఒక పత్రిక కూడా తయారు చేసేవారు. అందులో లెక్కల పేజీ బాధ్యత చిన్నారి ఆంద్రేయ్‌ది. ఐదారేళ్ల వయసులో ఆ పేజీ కోసం ఆయన ఒక సంగతి కనిపెట్టారు. 1 ఒక వర్గ సంఖ్య. 1, 3 కలిపితే 4. 1, 3, 5 కలిపితే 9. వాటికి 7 చేరిస్తే 16. బేసి సంఖ్యలను వరసగా కలుపుకుంటూ పోతే ప్రతిసారీ వర్గ సంఖ్యే వస్తుంది.

ఇది ఎందుకు నిజమో మన ఇంట్లో చింతగింజలతోనే చూపించవచ్చు. ముందు ఒక గింజ పెట్టండి. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, మూలన ఒకటి, మొత్తం మూడు పెడితే రెండు వరసల చదరం అవుతుంది. ఆ చదరానికి కుడివైపునా కిందా కలిపి ఐదు గింజలు చేరిస్తే మూడు వరసల చదరం. ప్రతిసారీ కావలసింది తర్వాతి బేసి సంఖ్యే. సూత్రం ఎవరూ చెప్పకుండానే ఒక పిల్లవాడు దీన్ని తనంతట తాను పట్టుకున్నాడు. ఆ ఆనందమే తనను గణితం వైపు నడిపించిందని పెద్దయ్యాక ఆయన గుర్తు చేసుకునేవారు.

రొట్టె కోసం రాసిన పరీక్షలు

1910లో పెద్దమ్మతో పాటు మాస్కో చేరి, ఒక ప్రైవేటు బడిలో చదివారు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి కూర్చునే బడి అది. ఆ రోజుల్లో అదే కొత్త. తర్వాత 1917 విప్లవం, అంతర్యుద్ధం, ఆకలి. చదువు మధ్యలో కొంతకాలం ఆయన రైల్వే పనికి వెళ్లారు. పని చేస్తూనే స్కూలు చివరి పరీక్షకు సొంతంగా చదువుకున్నారు. తీరా తిరిగొస్తే, పరీక్ష పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టారట. పరీక్ష తప్పిందని సంతోషించాల్సింది పోయి ఆయన నిరుత్సాహపడ్డారు.

1920లో మాస్కో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ రెండో సంవత్సరం విద్యార్థులకు నెలకు 16 కిలోల రొట్టె, కిలో వెన్న ఇచ్చేవారు. అందుకని మొదటి సంవత్సరం పరీక్షలన్నీ కొద్ది నెలల్లోనే రాసేసి పై తరగతికి వెళ్లిపోయారు. 19 ఏళ్లకే గణితంలో ఒక కొత్త ఫలితం సాధించి విదేశాల్లో కూడా పేరు తెచ్చుకున్నారు.

అదే 1922లో ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. మాస్కోలోని ఒక ప్రయోగాత్మక పాఠశాలలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే టీచర్‌గా చేరారు. 1925 దాకా అక్కడే పనిచేశారు. కడుపు నింపుకోవడానికి మొదలైన ఉద్యోగమే అయినా, బడి మీద ప్రేమ ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

మనకు తెలియకుండానే మనకు తెలిసిన మనిషి

మీ పిల్లలు ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్‌లో సంభావ్యత చదువుతుంటే, అందులో స్వీకృతాల పద్ధతి అని ఒక భాగం ఉంటుంది. ఆ మూడు నియమాలు కోల్మొగోరోవ్‌వే. 1933లో వచ్చిన ఒక చిన్న పుస్తకంలో ఆయన సంభావ్యతా శాస్త్రానికి మొత్తం పునాది వేశారు. అప్పటిదాకా పాచికలు, పేకముక్కల లెక్కగా కనిపించిన విషయం ఆ తర్వాత కచ్చితమైన గణితంగా నిలబడింది. ఈరోజు బీమా లెక్కలు, వాతావరణ అంచనాలు, కంప్యూటర్ నేర్చుకునే పద్ధతులు అన్నీ ఆ పునాది మీదే ఉన్నాయి.

మనకు ఇంకొంచెం దగ్గరి సంబంధం కూడా ఉంది. 1962లో ఆయన కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. అక్కడ పరిశోధకులకు దారి చూపుతున్నది మన తెలుగువారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న సి.ఆర్. రావు గారు. రావు గారి శిష్యుడు ఎస్.ఆర్.ఎస్. వరదన్ సిద్ధాంత గ్రంథాన్ని పరిశీలించినవారిలో కోల్మొగోరోవ్ ఒకరు. ఆ వరదన్‌కే 2007లో అబెల్ బహుమతి వచ్చింది.

ఇంత పేరున్న మనిషి స్కూలు పిల్లల కోసం సమయం ఎప్పుడూ దాచుకునేవారు. 1930ల నుంచే మాస్కో గణిత ఒలింపియాడ్ పనుల్లో పాలు పంచుకున్నారు. 1963లో మాస్కో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా గణితం, ఫిజిక్స్ కోసం ఒక రెసిడెన్షియల్ స్కూలు మొదలైంది. దాని వెనుక ప్రధానంగా నిలిచింది ఆయనే. పెద్ద నగరాల వెలుపల, చిన్న ఊళ్లలో ఉన్న చురుకైన పిల్లలను వెతికి అక్కడికి తెచ్చేవారు. అకాడమీ సభ్యుడైన ప్రొఫెసర్ స్వయంగా క్లాసుకు వచ్చి పాఠం చెప్పేవారు. సాయంత్రాలు సంగీతం వినిపించేవారు, సెలవు రోజుల్లో పిల్లలతో కలిసి మైళ్ల కొద్దీ నడిచేవారు. 1970లో క్వాంత్ అనే పిల్లల సైన్స్ పత్రిక మొదలైనప్పుడు, దాని ఇద్దరు ముఖ్య వ్యక్తుల్లో ఆయన ఒకరు.

దేశమంతటికీ కొత్త లెక్కలు

రష్యాలో చాలాకాలం బడి లెక్కలంటే కిసెల్యోవ్ పుస్తకాలే. విప్లవానికి ముందు, 1880లు, 1890ల్లో రాసిన అంకగణితం, బీజగణితం, జ్యామితి పుస్తకాలవి. సవరణలతో సోవియట్ కాలంలో కూడా దశాబ్దాల పాటు నడిచాయి. తాత చదివిన జామెట్రీనే మనవడూ చదివేవాడు. భాష సరళంగా ఉండేది, లెక్కలు వరసగా కష్టమయ్యేవి. కానీ వాటిలో కాలిక్యులస్ లేదు. కొత్త కాలపు గణితం దాదాపు లేదు.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపింది. దాంతో అమెరికా కంగారుపడి, 1958 నుంచి న్యూ మ్యాథ్ పేరుతో బడి లెక్కలను మార్చడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో కూడా అదే గాలి వీచింది. సోవియట్ యూనియన్ కూడా తన వంతుగా కొత్త సిలబస్ తయారీకి పూనుకుంది. అందుకోసం వేసిన కమిషన్‌లో గణిత విభాగానికి కోల్మొగోరోవ్ నాయకత్వం వహించారు. 1968లో కొత్త సిలబస్ వచ్చింది. 1970లో నాలుగో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున దేశమంతటా కొత్త పుస్తకాలు వచ్చాయి.

మార్పులు చిన్నవి కావు. ప్రాథమిక విద్యను నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. నాలుగో తరగతిలోనే సమితులు వచ్చాయి. జ్యామితిని మొత్తంగా కొత్త దారిలో, అంటే బొమ్మలను జరపడం, తిప్పడం, అద్దంలో చూపడం అనే ఆలోచనల మీద కట్టారు. తొమ్మిది, పది తరగతుల్లో కాలిక్యులస్ ప్రారంభ పాఠాలు పెట్టారు. జ్యామితి పుస్తకం రాసిన ముగ్గురిలో కోల్మొగోరోవ్ ఒకరు. పై తరగతుల బీజగణితం పుస్తకానికి ఆయనే సంపాదకుడు.

తర్కం సరైనదే, పిల్లవాడు ఆగిపోయాడు

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. రష్యన్ పిల్లలు తరతరాలుగా రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా సరిపోతే వాటిని సమాన త్రిభుజాలు అనేవారు. కొత్త పుస్తకం ఆ మాట తీసేసింది. బొమ్మ అంటే బిందువుల సమితి. రెండు సమితులు సమానం కావాలంటే వాటిలో ఉన్నవి అవే బిందువులు కావాలి. వేర్వేరు చోట్ల ఉన్న రెండు త్రిభుజాల్లో ఉన్నవి వేర్వేరు బిందువులు. కాబట్టి అవి సమానం కావు, వాటికి వేరే మాట కావాలి. మన పిల్లలు ఏడో తరగతిలో నేర్చుకునే సర్వసమానం అనే మాటకు సరిపోయే విదేశీ పదాన్ని అక్కడ కొత్తగా తెచ్చారు.

తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు. మన పిల్లలకు ఆ మాటతో ఇబ్బంది కూడా లేదు, ఎందుకంటే మన టీచర్లకూ మనకూ అది ముందునుంచీ అలవాటైనదే. అక్కడ మాత్రం టీచర్‌కు కొత్త, తల్లిదండ్రులకు కొత్త, పిల్లవాడికి కారణం అర్థం కాదు. ఆ వయసు పిల్లవాడికి ఇంకా రాని సందేహానికి పుస్తకం జవాబు చెబుతోంది.

పై తరగతుల్లో సదిశ రాశి దగ్గర ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. ఫిజిక్స్ టీచర్ బోర్డు మీద ఒక బాణం గీసి, బలం ఇంత, దిశ ఇటు అని చెప్పేవారు. లెక్కల పుస్తకం అదే సదిశను మొత్తం అంతరాళంలోని ప్రతి బిందువునూ ఒకే దిశలో ఒకే దూరం జరిపే పరివర్తనగా నిర్వచించింది. రెండూ ఒకటేనని గణితవేత్తకు తెలుసు. పదో తరగతి పిల్లవాడికి అవి రెండు వేర్వేరు పాఠాలు.

ఇక టీచర్ల పరిస్థితి. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు కిసెల్యోవ్ చదివారు, ఏళ్ల తరబడి పాత పద్ధతిలోనే చెప్పారు. దేశం మూలమూలల బడుల్లో ఉన్న లక్షలాది టీచర్లు కొద్దిపాటి శిక్షణతో ఆ పుస్తకాలను అందుకోవాల్సి వచ్చింది. తమకే పూర్తిగా పట్టుబడనప్పుడు ఏ టీచరైనా చేయగలిగేది ఒక్కటే. నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పించడం. అర్థం కోసం తెచ్చిన మార్పు అలా బట్టీగా మారిపోయింది.

పరీక్ష బయటపెట్టిన నిజం

1977లో కొత్త పుస్తకాలతో చదువుకున్న మొదటి బ్యాచ్ పదో తరగతి పూర్తి చేసి ఉన్నత విద్యాసంస్థల ప్రవేశ పరీక్షలకు వచ్చింది. నిర్వచనాలు, గుర్తులు చెప్పగలుగుతున్న పిల్లలు మామూలు లెక్క దగ్గర, సమీకరణం సాధించే దగ్గర తడబడుతున్నారని అధ్యాపకులు ఫిర్యాదు చేశారు.

1978 డిసెంబరులో సైన్సెస్ అకాడమీ గణిత విభాగం సమావేశమై, బడి గణితం సిలబస్, పుస్తకాల పరిస్థితి సంతృప్తికరంగా లేదని తేల్చింది. 1980లో పొంత్ర్యాగిన్ అనే మరో మహా గణితవేత్త పార్టీ ప్రధాన పత్రికలో తీవ్రంగా విమర్శిస్తూ వ్యాసం రాశారు. పొంత్ర్యాగిన్ కథ కూడా తల్లిదండ్రులు తెలుసుకోదగ్గదే. 14 ఏళ్లకు స్టవ్ పేలి చూపు పోయింది. గణితం చదువుకోని ఆయన తల్లి, కుట్టుపని చేసుకునే మనిషి, గణిత పుస్తకాలు పైకి చదివి వినిపిస్తూ కొడుకును చదివించారు. లెక్క అనేది చేతికి, మనసుకు అందేలా ఉండాలన్నది ఆయన వాదన. అయితే ఆ వివాదంలో మాటలు గణితం దాటి వ్యక్తిగత నిందల దాకా వెళ్లాయి.

1980ల మొదట్లో కోల్మొగోరోవ్ జ్యామితి పుస్తకాన్ని తీసేసి, పొగొరేలోవ్ రాసిన పుస్తకాన్ని, తర్వాత మరికొన్నింటిని ప్రవేశపెట్టారు. పిల్లలు మళ్లీ సమాన త్రిభుజాలు అనడం మొదలుపెట్టారు.

కోల్మొగోరోవ్‌కు అది పెద్ద దెబ్బ. చివరి ఏళ్లలో పార్కిన్సన్ వ్యాధి వచ్చింది, చూపు మందగించింది. శిష్యులు వంతులు వేసుకుని ఆయన్ని చూసుకున్నారు. 1987 అక్టోబరు 20న మాస్కోలో కన్నుమూశారు.

నిలిచినవి, పోయినవి

అంతా వృథా అయిందనుకోవడానికి లేదు. పై తరగతుల్లో ఆయన తెచ్చిన కాలిక్యులస్ పాఠాలు అక్కడ నిలిచిపోయాయి. ఆయన సంపాదకత్వంలో వచ్చిన ఆ పుస్తకం సవరణలతో ఆయన మరణం తర్వాత కూడా చాలా ఏళ్లు బడుల్లో నడిచింది. రెసిడెన్షియల్ స్కూలు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. క్వాంత్ తరహా లెక్కలు చదివి ఎన్నో దేశాల పిల్లలు ఒలింపియాడ్‌లకు తయారయ్యారు. మన దగ్గర కూడా ఆ కాలపు సోవియట్ గణితం, ఫిజిక్స్ పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకశాలల్లో చవకగా దొరికేవి. మీలో కొందరి అలమరల్లో అవి ఇంకా ఉండే ఉంటాయి.

మరి ఒకే మనిషి చేసిన పనుల్లో రెసిడెన్షియల్ స్కూలు ఎందుకు నిలబడింది, దేశవ్యాప్త పుస్తకం ఎందుకు పడిపోయింది? ఒక టీచర్‌గా నాకు కనిపించే కారణం ఇది. రెసిడెన్షియల్ స్కూల్లో పుస్తకం పక్కన ఆయనే ఉన్నారు. పిల్లవాడి ముఖం చూసి, ఆగిపోయిన చోట ఇంకో ఉదాహరణ చెప్పగలిగారు. మిగతా బడులకు పుస్తకం ఒక్కటే వెళ్లింది. తునోష్నలో ఆ చిన్నారి ముందు సంఖ్యలతో ఆడుకుని, తర్వాత నియమం పట్టుకున్నాడు. ఆయన పేరుతో వచ్చిన పుస్తకం మాత్రం కోట్లాది పిల్లలకు నియమం ముందు ఇచ్చింది. ఆడుకునే సమయం ఇవ్వలేదు.

మన ఇళ్లకు సంబంధించిన మాట

ఇప్పుడు మన దగ్గర కూడా పుస్తకాలు మారుతున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి గణిత ప్రకాశ్ అనే కొత్త పుస్తకం తెచ్చింది. 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చింది. సీబీఎస్‌ఈ ప్రశ్నపత్రాల్లో నేరుగా సూత్రం అడిగే ప్రశ్నలు తగ్గి, సందర్భం ఇచ్చి ఆలోచించమనే ప్రశ్నలు పెరిగాయి. దీన్ని చూసి కంగారు పడి, అలాంటి ప్రశ్నలకు కూడా జవాబులు బట్టీ పట్టించాలనిపించడం సహజమే. సోవియట్ బడుల్లో జరిగింది అదే.

దానికి బదులు ఇంట్లో మూడు పనులు చేయమని నా మనవి. మొదటిది, కొత్త పద్ధతి మీకు తెలియకపోతే పిల్లల్నే మీకు చెప్పమనండి. చెప్పగలిగితే వాళ్లకు వచ్చినట్టు. చెప్పలేకపోతే ఎక్కడ ఆగారో ఆ లైను నోట్‌బుక్‌లో గుర్తు పెట్టి మాకు పంపండి. స్లిప్ టెస్ట్ మార్కు కన్నా ఆ గుర్తు మాకు ఎక్కువ ఉపయోగపడుతుంది. రెండోది, ఎక్కాలు, కూడికలు, భిన్నాలు వదలొద్దు. కొత్త సిలబస్ అంటే చేతి లెక్క అక్కర్లేదని కాదు. 1977 బ్యాచ్ తడబడింది అక్కడే. మూడోది, షార్ట్‌కట్ చెప్పే తొందర కాస్త ఆపుకోండి. పిల్లవాడు తనంతట పట్టుకోవడానికి ఒక పది నిమిషాలు ఇవ్వండి.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. గణిత ప్రకాశ్ ఆరో తరగతి పుస్తకంలో మొదటి పాఠం సంఖ్యల్లోనూ ఆకారాల్లోనూ కనిపించే క్రమాల గురించి. అందులో బేసి సంఖ్యలను వరసగా కలిపితే ఏం వస్తుందో చూడమని, బొమ్మతో ఎందుకో ఆలోచించమని ఉంది. కోల్మొగోరోవ్ ఐదారేళ్ల వయసులో కనిపెట్టిన సంగతే అది. పాఠం మీ ఇంటికి వచ్చినప్పుడు జవాబు చెప్పకండి. గుప్పెడు చింతగింజలు ఇచ్చి పక్కన కూర్చోండి.